తేరని హౌజు

"మీ నాయనకు చెప్పు, రొట్టె చల్లారిపోతాండాదని," అంది రోషన్‌బీ.

"మీయమ్మకు చెప్పు, నాకు ఆకలి ల్యాదని," అన్నాడు ఫకీర్ సాబ్.

ఇద్దరి మధ్యా నాలుగు అడుగుల దూరం కూడా లేదు. ఆమె వంటింటి గడపలో నిలబడి ఉంది, ఆయన వాకిట్లో గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మధ్యలో సుమయ్య, భుజం మీది సంచి ఇంకా దించనే లేదు. హిందూపురం నుంచి రైల్లో వచ్చి అప్పుడే ఇంట్లో కాలుపెట్టింది.

"ఇద్దరికీ చెవులు బాగానే ఉండాయి గదా. నేనేమన్నా పోస్టుమ్యానా?" అంది సుమయ్య.

రోషన్‌బీ రొట్టెల మీద మూత పెట్టి లోపలికి వెళ్లింది. ఫకీర్ సాబ్ మసీదు వైపు చూస్తూ కూర్చున్నాడు.

పదకొండు దినాలుగా ఆ ఇంట్లో ఇదే వరస. ధర్మవరంలో చీరల అంగట్లో పనిచేసే కొడుకు అష్రఫ్ వచ్చి, "ఇంక చాల్లే నాయనా, ఇద్దరూ నా దగ్గరికి వచ్చేయండి" అన్నాడు. ఫకీర్ సాబ్ నోరు తెరిచేలోగా రోషన్‌బీ "సరేలేప్పా, పోదాం" అనేసింది. మొగుడి మొహం వైపు ఒక్కసారైనా చూడలేదు. అంతే, ఆ పూట నుంచి ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె కూడా తక్కువ తినలేదు, రెండో నాటి నుంచి తానూ మానేసింది. అరవై దాటిన మనుషులకు అలకలేమిటని మనం అనుకోవచ్చు గానీ, అలక పట్టడానికి వయసుతో పనేముంది?

నిన్నటి సంగతి మాత్రం అలకతో పోయేది కాదు. రోషన్‌బీ కూతురికి ఫోను చేసి, "ఒకసారి వచ్చి పో పాపా, మీ నాయన నలుగుర్లో షారుఖ్ మీద నోరు జారినాడు" అని చెప్పి పెట్టేసింది. మిగతాది సుమయ్య ఇప్పుడు తండ్రి నోటనే వినాలి.

ఆమె సంచి దించి, ఆయన పక్కన గట్టు మీద కూర్చుంది.

"ఏమన్నావు నాయనా షారుఖ్‌ను?"

"ఉండేదే అన్యా."

"అదే, ఏమన్నావు?"

"హౌజు నీళ్లల్లో వాడే ఏదో కలిపినాడన్యా. అందరి ముందరా అన్యా. తప్పేముండాది? రెండు నెలలాయె, హౌజు మూసేసి పైన బండలు పరిచి కొళాయిలు పెడదామని వాడు గోల. పైపులు బిగించే వాని కండ్లకు అన్నీ కొళాయిలే కనపడతాయి. నీళ్లు తేరకపోతే వాని మాటే నెగ్గుతాది గదా."

పెనుకొండలో ఆ మసీదు పెద్దదేమీ కాదు. దాని వెనక పెరడును ఆనుకుని ఉన్న ఈ రెండు గదుల ఇల్లు, మసీదు ఊడ్చి హౌజును చూసుకునే మనిషికి మసీదు నడిపే జమాత్ ఇచ్చినది. హౌజంటే పది మూరల పొడవూ పది మూరల వెడల్పూ ఉన్న రాతి తొట్టి. నమాజుకు ముందు దాని చుట్టూ కూర్చుని కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కుని, నోరు పుక్కిలించి వజూ చేసుకుంటారు. ముప్పై ఎనిమిదేళ్లుగా దాన్ని ఫకీర్ సాబే కడుగుతున్నాడు, నింపుతున్నాడు, తేటగా ఉంచుతున్నాడు. ఏటా ఒకసారి ఖాళీ చేసి తోమి కొత్త నీళ్లు పట్టడం, పటిక వేసి తేర్చడం ఆయన పని.

ఈ ఏడు నీళ్లు తేరలేదు. పదకొండు దినాలైనా బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా అట్లాగే ఉన్నాయి. నోట్లో పోసుకుంటే ఒగరుగా ఉన్నాయని నలుగురూ ఉమ్మేస్తున్నారు. శుక్రవారం జుమ్మా నమాజుకు తేరకపోతే హౌజు మూసేయాలని జమాత్ తీర్మానం చేసింది. ఇవాళ బుధవారం.

"సాయంత్రం అస్ర్ నమాజు కాంగానే వస్తారంట. దస్తగిరి మామ, వాడు, ఇంకా ఇద్దరు ముగ్గురు. మాట మీద నిలబడతావా, ఎనక్కి తీసుకుంటావా అని అడగనీకి."

"నిలబడతావా?"

ఫకీర్ సాబ్ చాలా చిన్నగా అన్నాడు. "ఆ హౌజు మూసేస్తే నేనేం చేస్తా పాపా? ధర్మవరంలో మీయన్న మిద్దె మీద కుర్చీ ఏసుకోని రోడ్డు చూస్తా కూచోవల్లా? నాకు భయమైతాండాది."

తండ్రి నోట భయమనే మాట సుమయ్య ఎన్నడూ వినలేదు. లేచి, "ఇంట్లో చాయ్ గ్లాసులు ఎన్ని ఉండాయి?" అంది.

"ఎందుకు?"

"నీళ్లు చూస్తా."

సుమయ్య హిందూపురంలో ఒక రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తుంది. అక్కడ ఆమె పని ఏమిటంటే, డబ్బాలో రంగుపొడి అడుక్కు దిగిపోకుండా చూడటం. ఆరు నెలలు అంగట్లో ఉన్నా మూత తీయగానే రంగు ఒకే తీరుగా ఉండాలి. ఇక్కడ తండ్రికి కావలసింది సరిగ్గా దానికి ఎదురు. పొడి అడుక్కు దిగాలి, పైన నీళ్లు మిగలాలి.

మసీదులోకి ఆమె వెళ్లదు గనుక ఫకీర్ సాబే చెంబుతో హౌజు నీళ్లు తెచ్చాడు. గట్టు మీద గ్లాసులు వరసగా పెట్టి పోసింది.

"పటిక ఎన్ని తూర్లు ఏసినావు నాయనా?"

"రెండే తూర్లు. నింపిన దినం ఒకటి, మూడో దినం ఒకటి. పిడికిలంత గడ్డ గుడ్డలో కట్టి నాలుగు మూలలా తిప్పినా. మా నాయన కొలత అది. అంతకు మించి నేనెప్పుడూ ఏసిందిల్యా."

"నీళ్లు బావివేనా?"

"యాడ పాపా, బావి మోటరు కాలిపాయె. ఈతూరి అన్నీ వాన నీళ్లే. మసీదు మిద్దె మీద పడినవి పైపుతో మన పెరట్లో తొట్టికి పట్టినాం. ఆ తొట్టి నుంచి హౌజుకు ఇడిసినాం. దినామూ తగ్గిన కాడికి ఆడి నుంచే పోతాండాయి."

సుమయ్య తలాడించింది. ఒక గ్లాసును ముట్టుకోకుండా వదిలేసింది. రెండో దాంట్లో చిటికెడు పటిక పొడి వేసి కలిపింది. వీధి చివర గుంత నుంచి గుప్పెడు ఎర్రమట్టి తెచ్చి నీళ్లలో కలిపి, ఆ బురద నీళ్లు మూడో గ్లాసులో కొంచెం పోసింది. నాలుగో దాంట్లో బురద నీళ్లతో పాటు తాంబూలం సున్నం గింజంత వేసింది. చెంచాతో నెమ్మదిగా తిప్పి చేతులు కట్టుకుని కూర్చుంది.

"బురద పోస్తావేందే?" అన్నాడు ఫకీర్ సాబ్.

"చూస్తా ఉండు."

ఈలోగా అష్రఫ్ ఫోను చేశాడు. చెల్లెలు వచ్చిందని తెలిసి కొంచెం తేలికపడ్డట్టున్నాడు. "నాయన్ను ఊరికే బతిమాలొద్దు సుమయ్యా. ఆ షారుఖ్‌కు ఒక మాట చెప్పించి ముగించు. శుక్రవారం నమాజు కాంగానే నేను టెంపో తీసుకొనొస్తా. అమ్మను సామాన్లు కట్టమను."

"నాయన్ను అడిగినావా అన్నా?"

"అడిగితే వస్తాడా? అమ్మ ఒప్పుకున్యాది గదా."

"ఆడే వచ్చిపడింది," అని ఫోను పెట్టేసింది సుమయ్య.

ఆమె తిరిగి చూసేసరికి ఫకీర్ సాబ్ గ్లాసుల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మొదటి గ్లాసు అట్లాగే ఉంది. పటిక వేసిన రెండోది ఇంకా తెల్లబడింది. బురద పోసిన మూడో దాంట్లో పైన వేలి మందం తేటపడింది. సున్నం కూడా పడిన నాలుగో దాంట్లో రవ్వలాంటి నలుసులు కట్టుకట్టుకుని కిందికి దిగుతున్నాయి. పై సగం నీళ్లలోంచి ఎదుటి గోడ కనిపిస్తోంది.

"ఇదేం మాయ పాపా," అన్నాడాయన.

"మాయ కాదు నాయనా. నీళ్లల్లో ఉండే మట్టి నలుసులుండాయి చూడు, కంటికి కనపడనంత చిన్నవి. వాటి ఒంటి మీద అన్నిటికీ ఒకే రకం కరెంటు ఉంటాది. అందుకే ఒకదాని పక్కకు ఇంకోటి రాదు, జరిగిపోతాది. దగ్గరికి రాకపోతే గడ్డకట్టవు. గడ్డకట్టకపోతే బరువు రాదు, కిందికి దిగవు. పటిక ఏం చేస్తాదంటే ఆ కరెంటును చంపేస్తాది. అప్పుడు ఒకదాన్నొకటి పట్టుకోని అడుక్కు పోతాయి."

"అదే గదా నేను చేసింది."

"నువ్వేసిన కాడికే అయింటే తేరుండేవి. పటిక ఎక్కువైతే ఆ నలుసుల మీద పటికే పూతలెక్క పడతాది. దాని కరెంటు ఎదురు రకం. మళ్ల అన్నిటికీ ఒకటే రకమైపాయె, మళ్ల జరిగిపోతాయి. ఇంక ఎన్ని దినాలున్నా తేరవు. బావి నీళ్లైతే ఉప్పు నీళ్లు, కొంచెం ఎక్కువేసినా తట్టుకుంటాయి. వాన నీళ్లకు ఆ ఓపిక ల్యాదు."

"మరి బురద?"

"కొత్త మట్టి కరెంటు మొదటి రకం, దీంట్లో ఉండేది ఎదురు రకం. రెండూ కరుసుకుంటాయి. సున్నం పటిక పులుపును చంపి పని తొందర చేస్తాది."

ఫకీర్ సాబ్ నాలుగో గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. తెచ్చిపెట్టుకున్న బింకం అంతా మొహంలోంచి జారిపోయింది. కానీ వెంటనే నుదురు ముడిపడింది.

"వజూ చేసుకునే నీళ్లల్లో బురద పోయమంటే జమాత్ ఒప్పుకుంటాదా?"

"నీళ్లు దొరకనప్పుడు మట్టితోనే తయమ్ముం చేసుకోవచ్చని చిన్నప్పుడు నాకు చెప్పింది నువ్వే గదా. మట్టి మురికెట్లయితాది?"

ఆయన కూతురి వైపు కళ్లార్పకుండా చూశాడు. ఎన్ని దినాల తర్వాతనో ఆయన మొహం మీదికి నవ్వులాంటిదొకటి వచ్చింది. అది నిలవలేదు.

"అంటే పటిక ఎక్కువైందంటావు."

"శానా ఎక్కువైంది."

"నేనేసింది రెండు తూర్లు." ఆయన లేచి నిలబడ్డాడు. "మరి మిగిలింది ఎవురేసినారు? నేనన్నది నిజమైపాయె పాపా. వాడే ఏసినాడు. రానీ ఈ దినం. నా బిడ్డ గ్లాసుల్లో పెట్టి చూపిస్తాదని చెప్తా అందరికీ."

తండ్రిని ఒడ్డున పడేద్దామని సుమయ్య కూర్చుంటే, ఆయన చేతికి కర్ర అందించినట్టయింది. షారుఖ్ ఆమెతో పాటు బడికి పోయినవాడు. మొండివాడే, నోరు కొంచెం దురుసే, కానీ చాటుగా నీళ్లు చెడగొట్టే రకం కాదు.

"తొందరపడొద్దు నాయనా. ఇంకా చూడాల్సింది ఉండాది," అని ఐదో గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లింది.

హౌజుకు నీళ్లు పోయే దారి ఒకటే, పెరట్లోని తొట్టి. ఆమె తొట్టి నీళ్లు గ్లాసులో ముంచి చూసింది. హౌజు నీళ్ల కంటే తెల్లగా ఉన్నాయి. నాలుక మీద ఒక చుక్క వేసుకుంది. ఒగరుకు నాలుక ముడుచుకుపోయింది. తొట్టి అంచున మేకుకు ఒక గుడ్డ మూట వేలాడుతూ నీళ్లలో మునిగి ఉంది. విప్పి చూస్తే సగం కరిగిన పటిక గడ్డ.

పెరట్లోకి షారుఖ్ రాడు. ఫకీర్ సాబ్ కూడా ఆ తొట్టి జోలికి రాడు. దాని కొళాయి తిప్పడం, కట్టడం మొదటి నుంచీ ఒక్క మనిషి పనే.

సుమయ్య వంటింట్లోకి వచ్చేసరికి రోషన్‌బీ గోడకు ఆనుకుని, నొప్పి పుడుతున్న మోకాలిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. కూతురి చేతిలోని తడి మూట చూసి కళ్లు దించుకుంది.

"ఎప్పటి నుంచీ మా?"

"నీళ్లు పట్టిన కాడి నుంచి. ఆయన మధ్యాన్నం జొహర్ నమాజుకు పోతానే ఏస్తాంటి. గంగప్ప అంగట్లో తెప్పించుకున్యా."

"నాయన ఏసినాడు గదా, నువ్వు మళ్ల ఎందుకేస్తివి?"

"ఏసినాడని నాకెవురు చెప్పినారు?" రోషన్‌బీ గొంతు పెంచలేదు. "ముప్పై ఎనిమిదేండ్లు, పటిక ఏస్తానే పెరట్లోకి వచ్చి ఒక మాట చెప్తాడు. పటిక ఏసినా, మూడు దినాలు కొళాయి ఇడసద్దు, నీళ్లు కదలకూడదు అని. అదొక్క మాట చెప్పందే ఆయన చెయ్యి గూడా కడుక్కోడు. ఈతూరి చెప్పల్యా. నా మీద కోపంతో హౌజును గూడా ఇడిసిపెట్టినాడనుకున్యా. తేరకపోతే ఆయన మీదికే గదా వస్తాదని, నేనే ఏసినా. తేరల్యా. సాలల్యేదేమోనని మళ్ల ఏసినా."

సుమయ్య ఆమె ఎదురుగా కూలబడింది. "ధర్మవరం పోదామన్నది నువ్వే గదమ్మా. హౌజు మూసేస్తే నీకు మేలే గదా."

"పోదామన్నది ఈ మోకాళ్ల కోసం. ఆయన పరువు తీసుకోని పొమ్మన్యానా? పోతే నీళ్లు తేటగా పెట్టిపోవల్ల. ఈ ఇంటోళ్లు పాడుచేసి పోయినారని అనిపించుకోని పోతామా?"

బయట ఫకీర్ సాబ్ గ్లాసులు జరిపి వరసగా పెట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు ఆయన షారుఖే ఏసినాడని చెప్పబోతాండాడు. నేను చూపించిన గ్లాసులే చూపిస్తాడంట."

రోషన్‌బీ మోకాలి మీది చేతులు తీసేసింది. "ఆ పిల్లోని మీద నింద ఉండకూడదు. కానీ నేనేసినానంటే, పెండ్లాం చేసింది తెలీక ఊరోన్ని అన్యాడని ఆయన్ను నవ్వుతారు. ఆ మనిషి దాన్ని ఓర్చుకోల్యాడు సుమయ్యా. నువ్వేం చెప్పొద్దు. ఎట్లనో ఒకట్ల మాట మార్చు."

"మాట మార్చనీకి ఏముండాదిమా ఇంక?"

అస్ర్ అజాన్ మొదలైంది.

నమాజు ముగిసిన కాసేపటికే వాళ్లు వచ్చారు. ముందు దస్తగిరి సాబ్, జమాత్ పెద్ద. నిదానం మనిషి, మాట తక్కువ. వెనక షారుఖ్, ఇంకో ఇద్దరు. సుమయ్య చాప పరిచింది. రోషన్‌బీ వంటింటి పరదా వెనక నిలబడింది, పరదా కింద ఆమె పాదాలు కనిపిస్తున్నాయి.

"ఏమప్పా ఫకీరూ, పొద్దున్నుంచీ ఆలోచించుకున్యావా?" అన్నాడు దస్తగిరి సాబ్.

షారుఖ్ అందుకున్నాడు. కోపంగా వస్తాడనుకున్నవాడు నెమ్మదిగానే మాట్లాడాడు. "నాకు కొళాయిలే కావల్ల మామా, అది దాచుకునేది ల్యాదు. ముసలోళ్లు వంగి కూచోల్యాకపోతాండారని అడిగినా. కానీ మసీదు నీళ్లల్లో చెయ్యి పెట్టినానని అంటివి చూడు, రాత్రి మా యమ్మ అన్నం తినల్యా. నువ్వు చిన్నప్పుడు నాకు వజూ నేర్పిన మనిషివి. వేరే ఎవురన్నా అనింటే పట్టించుకోకపోదును."

ఫకీర్ సాబ్ గ్లాసుల వైపు చూపించాడు. "నా బిడ్డ చూసి చెప్పింది. నీళ్లల్లో పటిక శానా పడింది. అందుకే తేరల్యా. నేనేసింది రెండు తూర్లే. మిగిలింది ఎవురేసినారనేది ఇప్పుడు..."

"నాయనా." సుమయ్య అడ్డం వచ్చింది. ఏం చెప్పాలో ఆమెకు అప్పటికీ తెలియదు. తెలిసిందల్లా, ఆ మాట పూర్తి కాకూడదని. ఐదో గ్లాసు తండ్రి చేతికిచ్చింది. "ముందు దీన్ని రుచి చూడు."

ఆయన విసుగ్గానే తీసుకుని ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మొహం ముడుచుకుంది. పక్కకు ఉమ్మేసి, "ఇవి హౌజు కంటే ఒగరుండాయే. యాడివి?" అన్నాడు.

"మన పెరట్లో తొట్టివి."

ఫకీర్ సాబ్ గ్లాసు వైపు చూశాడు. ఆ తర్వాత పరదా వైపు చూశాడు. పరదా కింది పాదాలు ఒక అడుగు ముందుకు కదిలాయి. ఆయన అరచేయి కొంచెం పైకెత్తాడు. పాదాలు ఆగిపోయాయి. సుమయ్య తప్ప అది ఎవరూ చూడలేదు, లేదా చూసినా చూడనట్టే ఉన్నారు.

దస్తగిరి సాబ్ గొంతు సవరించుకున్నాడు.

"షారుఖూ," అన్నాడు ఫకీర్ సాబ్. "నిన్న నీ మీద ఏసిన మాట తప్పు. పటిక పడింది నా తొట్టి నుంచే. ఎవురు, ఎట్ల అని నన్నడగొద్దండి. హౌజు నా చేతికిచ్చినారు, జవాబు నాది. నీ కాడికి, మీ యమ్మ కాడికి వచ్చి చెప్పమన్నా చెప్తా. శుక్రవారం జుమ్మాలో నిలబడి చెప్పమన్నా చెప్తా."

షారుఖ్ ఏదో అడగబోయి ఆగాడు. వాడి చూపు పరదా మీదికి పోయి, వెంటనే చాప మీదికి దిగింది.

"జుమ్మాలో ఏం వద్దులే మామా. మా యమ్మకొక మాట చెప్పు, సాలు," అన్నాడు.

ఆ ఇద్దరి మధ్యా అది అంతటితో తీరింది. కానీ దస్తగిరి సాబ్ లేవలేదు. గెడ్డం నిమురుకుంటూ గ్లాసులనే చూస్తున్నాడు.

"నువ్వు తప్పొప్పుకుంటివి, మంచిది. నా మాట గూడా విను ఫకీరూ. ఏం పడతాందో, ఎంత పడతాందో నీకే తెలీకపోతే ఇంక హౌజును నీ చేతిలో ఎట్ల పెడతాం? ఈ దినం పటిక, రేపు ఇంకేమో. నాకు బాధగానే ఉండాది. మూసేయడమే మేలనిపిస్తాది."

ఫకీర్ సాబ్ తల వంచుకున్నాడు. పెళ్లాం పేరు ఒక్కటి చెప్పి ఉంటే ఆ తప్పు ఆయనది కాకుండా పోయేది. ఆయన చెప్పలేదు.

"శుక్రవారం దాకా టైమిచ్చినారు గదా తాతా," అంది సుమయ్య. నాలుగో గ్లాసు తీసి ఆయన ముందు పెట్టింది. అడుగున గోధుమ రంగు మడ్డి, పైన తేట నీళ్లు. "ఇవి గూడా హౌజు నీళ్లే. ఎర్రమట్టి, సున్నం కలిపినా. ఎన్ని నీళ్లకు ఎంత మట్టో లెక్క దొరికింది. ఈ దినం కలిపి కదపకుండా ఇడిస్తే జుమ్మాకు తేరతాయి."

"హౌజులో బురద పోయల్లంటావా?" వెనకున్న ఒకాయన నోరెళ్లబెట్టాడు.

"పోస్తే చూసేటోళ్లు ఏమంటారు?" అన్నాడు ఇంకొకాయన.

షారుఖ్ వంగి గ్లాసును వేలితో తట్టి చూశాడు. మడ్డి కదల్లేదు. "పని చేసినట్టే ఉండాది," అన్నాడు, ఎవరికీ చెప్పనట్టుగా.

దస్తగిరి సాబ్ గ్లాసు ఎత్తి చూసి కింద పెట్టాడు. "మట్టి పాకే, మురికి కాదు. దాంతో నీళ్లు చెడవు," అన్నాడు చివరికి. "పోయండి. కానీ నమాజుకొచ్చే వాళ్లు రేపంతా ఎర్రనీళ్లు చూసి నన్నడుగుతారు. నేను సర్ది చెప్తా. శుక్రవారం మాత్రం అడుగున ఉండే రాయి కనపడల్ల. కనపడకపోతే తాళంచెవులు ఇచ్చెయ్ ఫకీరూ. మళ్ల ఇంకో మాట ఉండదు."

వాళ్లు వెళ్లిపోయారు. వాకిలి ఖాళీ అయింది. సుమయ్య గంప తీసుకుని మట్టి కోసం గుంత దగ్గరికి బయల్దేరింది. కావాలనే కొంచెం తొందరగా వెళ్లింది.

రోషన్‌బీ పరదా తీసి బయటికి వచ్చింది. కుంటుతూ వచ్చి గట్టుకు ఇవతల నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఫకీర్ సాబ్ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నాడు. మట్టి ఎంత కావాలో కూతురు గ్లాసుల్లోనే తేల్చింది, ఆయనకు కొత్తగా తెలుసుకోవలసిన లెక్క ఏమీ లేదు. అయినా చేతి పని ఆపి, ఆమె మొహంలోకి నేరుగా చూశాడు.

"ఎంత ఏసినావు?"

ఆమె ఉలిక్కిపడింది. ఆ మాట తనతోనే అన్నాడని నమ్మడానికి కాసేపు పట్టింది.

"దినానికొక గడ్డ."

"ఎన్ని దినాలు?"

రోషన్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వు నాతో మాట్లాడని అన్ని దినాలూ."